హద్దులెరిగిన దలాలు

తూర్పున మునిషీగారి ఇల్లు, పడమట నడక సందు, ఉత్తరమున వేపచెట్టు గల ఖాళీ జాగా, దక్షిణమున అత్తరు దుకాణపు వెనుక గోడ: హైదరాబాదు పాత నగరమున మూడు నాలుగు తరములుగా కాపురముండు కుటుంబముల ఇనుప పెట్టెలలోని ఉర్దూ కబాలాలను, అనగా పాత క్రయపత్రములను, విప్పి చదివించినచో, ఒక ఇంటి ఉనికి ఇంచుమించు ఈ తీరుననే చెప్పబడియుండును. సర్వే నంబరు ఉండదు; ఇంటి నంబరు ఉన్నను అది ఏనాడో మారిపోయినదై యుండును; సంవత్సరము నిజాము కాలపు ఫస్లీ లెక్కలోను, క్రయధనము నిజాము నాణెమగు హాలీ సిక్కాలోను, వైశాల్యము గజములలోను వ్రాయబడియుండును. మునిషీగారు గతించి తరములు గడచినవి, వేపచెట్టు కూలినది, అత్తరు దుకాణమున్న చోట సెల్‌ఫోనులు బాగుచేయు కొట్టు వెలసినది. అట్టి కాగితమును చేతబట్టుకొని, ఆ నాలుగు హద్దులును ఈనాటి ఏయే గోడలకు సరిపోవునో సందులో నిలుచుండి వ్రేలితో చూపగల మనుష్యుడు వాడకు ఒక్కడో ఇద్దరో ఉందురు. వారినే ప్రజలు దలాలులందురు, బ్రోకర్లందురు. చిన్నవారు విజిటింగు కార్డులపై రియల్ ఎస్టేట్ ఏజెంట్లని అచ్చువేయించుకొనుచున్నారు.

కోకాపేటలోనో మాదాపూరులోనో ఈ వృత్తి చేయువాడు ఇంకను లేవని భవనమును రంగుల బొమ్మలలో చూపి అమ్మును. చార్మినారు చుట్టునున్న వాడలలో వృత్తి చేయువానికి చూపుటకు బొమ్మలు లేవు. అమ్మకమునకు వచ్చిన ఇంటి తాత ఎవరు, ఆయనకు భార్యలెందరు, ఏ కూతురు ఏ ఊరికి కాపురమునకు పోయినది, ఏ గోడ ఉమ్మడిది, ఏ బావి ఎవరి వాటాలోనిది, ముందరి గదిలోని అద్దెదారు ఎవరి కాలమున వచ్చి చేరెను అను సంగతులే అతని మూలధనము. పాత నగరమున ఆస్తిహక్కు సగము కాగితములలోను, సగము మనుష్యుల జ్ఞాపకములలోను ఉన్నది. ఆ రెండవ సగమును భద్రపరచుచున్నది ఈ దలాలే గాని మరియొక కచేరీ కాదు. అట్టివానిని మన చట్టములు గుర్తింపవు, మన చరిత్రకారులు తలపరు. కావున అతనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది.

ఈ పరిస్థితి ఎట్లు కలిగినదో తెలియుటకు నగరచరిత్రను కొంత తడవవలెను. 1591లో చార్మినారుతో మొదలైన ఈ పట్టణమునకు, మొదటి నిజామైన ఆసఫ్‌జా కాలమునాటికి పూర్తియైన రాతి ప్రాకారమును, దానికి 13 దర్వాజాలును ఉండెడివి. నేడు నిలిచియున్నవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా రెండే. లాల్ దర్వాజా, అలియాబాద్ దర్వాజా వంటివి వాడల పేరులలో మాత్రము బ్రతికియున్నవి. ఆ ప్రాకారము లోపల భూమి ఎన్నడును మడులుగా గీచి పంచబడినది కాదు. ఒక ప్రభువు దేవిడీ, అనగా మహలు, కట్టుకొనుటయు, దాని చుట్టు అతని కొలువువారు, వంటవారు, పల్లకీ మోయువారు, చాకలివారు గుడిసెలు వేసికొనుటయు, కాలక్రమమున ఆ గుడిసెలు ఇండ్లై, ఇండ్ల నడుమ మిగిలిన ఖాళీ సందులగుటయు ఇచ్చటి రీతి. పెద్దదిక్కు ఇచ్చిన నోటిమాటయే అనేక కుటుంబములకు తొలి పట్టా.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి సుమారు 15,000 మందిని పొట్టన బెట్టుకొనిన సంగతి అందరెరిగినదే. నదీతీరపు ఇండ్లతోపాటు ఆ ఇండ్లలోని కాగితములును, సరిహద్దు గోడలును కొట్టుకొనిపోయిన సంగతి అంతగా తలపునకు రాదు. అటుపిమ్మట ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు రావించబడుట, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు నిర్మింపబడుట, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించి పత్తర్‌గట్టీలోని రాతి కమానుల దుకాణములవంటివి కట్టించుట జరిగినవి. ఆ దినములలోనే లియొనార్డ్ మన్ అను ఆంగ్లేయుని ఆధ్వర్యమున, 1912 మొదలు 1915 వరకు, ఇంటింటిని, బావిని, సందు మలుపును చూపుచు నగరపటములు తయారైనవి. సందు ఒకప్పుడెచ్చట వంగినదో తెలిసికొనగోరువారికి నేటికిని అవియే శరణ్యములు. ఐనను పటము గోడను చూపును గాని ఆ గోడ ఎవరిదో చెప్పదు. ఆ పని దలాలుకే మిగిలినది.

దలాలు వృత్తికి మహర్దశ పట్టినది మాత్రము 1948 తరువాత. ఆ సంవత్సరము సెప్టెంబరులో, నిజాము రాజ్యమును భారతదేశమున చేర్చిన పోలీసు చర్య ముగిసినది. 1949లో నిజాము సొంత ఆస్తియైన సర్ఫెఖాస్ ప్రభుత్వమున విలీనమైనది. అదే సంవత్సరము ఆగస్టు 15న జాగీరుల రద్దు శాసనము అమలులోనికి వచ్చినది. పల్లెలనుండి వచ్చు రాబడి ఆగిపోయినంతనే పట్టణములోని దేవిడీల వంటశాలలు చల్లబడినవి. నౌకర్లకు జీతములియ్యలేని నవాబు మొదట వెండి సామాను అమ్మెను, తరువాత తోట అమ్మెను, ఆ తరువాత జనానా భాగమును వేరుచేసి అమ్మెను, తుదకు తాను నివసించు దివాన్‌ఖానాను కూడ రెండు వాటాలుగా తెగకోసి ఒక వాటా అమ్మెను. తన ఇల్లు అమ్ముచున్నానని పదిమందిలో చెప్పుకొనుట ఆ వంశములకు తలవంపు. కావున మాట బయటపడకుండ కొనువానిని వెదకితెచ్చు మధ్యవర్తి అవసరమయ్యెను. సంధ్యవేళ వెనుక తలుపున వచ్చి, బేరము మాటలాడి, టీ త్రాగి, అదే తలుపున పోవువాడు దలాలు. గుట్టు కాపాడుటయే అతని మొదటి సుగుణము.

నిజాముల దివానులైన సాలార్‌జంగుల దివాన్ దేవిడీ కథ అందరెరుగుదురు. మూడవ సాలార్‌జంగ్ 1949లో నిస్సంతుగా గతించగా, 1951లో అచ్చటనే మ్యూజియము తెరువబడి, 1968లో మూసీ ఒడ్డున నేడున్న భవనమునకు తరలినది. దేవిడీ స్థలము మాత్రము క్రమముగా చీలిపోయి నేడు బట్టల బజారైనది. మాల్‌వాలా ప్యాలెస్ కథ మరింత విచిత్రము. మాల్‌వాలాలు ఆసఫ్‌జాహీ ప్రభువుల రెవెన్యూ దఫ్తరమును వంశపారంపర్యముగా నిర్వహించిన కాయస్థులు; అనగా రాజ్యములోని భూములెవరివో వ్రాసియుంచినవారు. వారసత్వ కట్టడముల జాబితాలో చేరియున్న వారి సొంత భవనమే 2000 సంవత్సరమున చాలవరకు కూలద్రోయబడి, ఆ స్థలమున దుకాణముల సముదాయము లేచినది. ఊరందరి భూములకును లెక్క వ్రాసిన ఇల్లే లెక్కలోనుండి పోయినది.

మా చిన్ననాట లాల్ దర్వాజా వాడకు వచ్చుచుండిన వృద్ధ దలాలు ఒకరు నాకు బాగుగా గుర్తు. వెలిసిన షేర్వానీ, చంకలో గొడుగు, జేబులో నల్ల అట్ట నోటుపుస్తకము. మాతో తెలుగున, ముగల్‌పురావారితో ఉర్దూలో, చార్‌కమాన్ మార్వాడీలతో వారి మాటలోను సరళముగా మాటలాడెడివారు. ఇల్లు అమ్మకమునకున్నదని ఎవరైన చెప్పినచో ఆయన ఇల్లు చూచుటకు పోయెడివారు కారు. మొదట ఆ సందులోని చాకలివానిని, పిమ్మట పాలవానిని, ఆ తరువాత మసీదు మెట్లపై కూర్చుండు ముసలివారిని పలుకరించెడివారు. ఒకనాడు మా తండ్రిగారు ఒక ఇంటి కాగితములు చూపబోగా ఆయన చేయి అడ్డుపెట్టి, "కాగితం ఏడికి పోతది పంతులుగారూ, ముందుగాల వారసులు ఎంతమందో చెప్పుండ్రి" అనిరి. ఈ వృత్తిని గూర్చి ఇంతకన్న సారవంతమైన మాట నేను ఇంతవరకు వినలేదు.

వారసుల లెక్క ఎంత చిక్కైనదో ఒక ఉదాహరణము చూపెదను. 144 గజముల ఇల్లు గల ముస్లిము గృహస్థుడు భార్యను, ఇద్దరు కుమారులను, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించెననుకొందము. షరియతు ననుసరించి సంతానము గల భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 18 గజములు. మిగిలిన 126 గజములలో కుమారునకు రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు చొప్పున, కుమారులకు ఒక్కొక్కరికి 42, కుమార్తెలకు ఒక్కొక్కరికి 21 వచ్చును. ఇంతవరకు సులభమే. కాని ఇల్లు పంచుకొనకయే మరి రెండు తరములు గడచును. ఒక కుమారుడు కరాచీకి పోయినవాడగును. అతని వాటాను కాందిశీకుల ఆస్తుల చట్టము క్రింద 1950లలో కస్టోడియను స్వాధీనపరచుకొని యుండవచ్చును. ఒక కుమార్తె జిద్దాలో, ఆమె కొడుకు షికాగోలో ఉందురు. మరియొక కుమార్తె బ్రతికియున్నదో లేదో ఆమె అన్న మనుమలకే తెలియదు. ఇందరి సంతకములు లేనిదే కొనువాడు పైకము తీయడు. తీసినవాడు పదియేండ్లు పురానీ హవేలీలోని సివిలు కోర్టు మెట్లెక్కి దిగును.

హిందూ కుటుంబముల చిక్కు వేరు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు చోటులేదని తలచి అన్నదమ్ములు అమ్ముకొనిన ఇండ్లు గౌలీపురా, ఉప్పుగూడలలో ఎన్నియో కలవు. 1985లో నాటి మన ఉమ్మడి రాష్ట్రపు సవరణ అవివాహితలగు కుమార్తెలకును, 2005లో దేశమంతట వచ్చిన సవరణ కుమార్తెలందరికిని సమాన వాటా కల్పించినవి. నాటినుండి దలాలు నోటుపుస్తకమున అల్లుండ్ర పేరులును చేరినవి. ఆడపడుచు సంతకము పెట్టదేమో అని అన్నదమ్ములు దాచిపెట్టు సంగతిని దలాలు ముందే ఆమె అత్తవారింటికి పోయి విచారించివచ్చుట నేనెరుగుదును. ఆమెకు న్యాయము జరుగవలెనను తలంపుకన్న బేరము మధ్యలో చెడిపోరాదను భయమే అతనికి ఎక్కువ. ఐనను ఫలితము మంచిదే గదా!

ఇక హిబా. ముస్లిము ధర్మశాస్త్రము ప్రకారము ఒకడు తన ఆస్తిని నోటిమాటతో దానమీయవచ్చును: ఇచ్చుచున్నానని దాత పలుకవలెను, పుచ్చుకొనుచున్నానని గ్రహీత ఒప్పుకొనవలెను, స్వాధీనము చేతులు మారవలెను. ఈ మూడును జరిగినచో దస్తావేజు రిజిస్టరు కాకున్నను దానము చెల్లునని సుప్రీంకోర్టు 2011లో మరల స్థిరపరచినది. దీనివలన తల్లి కూతునకు, తాత మనుమనికి ఇచ్చిన ఇండ్లు రిజిస్ట్రారు పుస్తకములలో ఎక్కడను కానరావు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసిచూచినచో ఇల్లు ఇంకను తాతపేరననే యుండును. పైగా ఆ సర్టిఫికెట్టు 1983 జనవరి 1వ తేదీనుండి మాత్రమే కంప్యూటరులో దొరకును. అంతకు పూర్వపు లావాదేవీలను దూద్‌బౌలీ, అజంపురా కచేరీల పాత పుస్తకములలో చేతితో వెదకించుకొనవలెను. దానము జరిగిన దినమున ఆ ఇంట ఎవరెవరు కూర్చుండియుండిరో, ఖీర్ ఎవరు పంచిరో చెప్పగలవాడు ఎవడు? మరల దలాలే.

దుకాణముల మాట వేరుగా చెప్పవలెను. పత్తర్‌గట్టీలోను, లాడ్ బజారులోను, మదీనా కూడలిలోను అనేక దుకాణములు పగిడీ పద్ధతిమీద నడచుచున్నవి. అద్దెదారు ప్రవేశించునప్పుడు పెద్ద మొత్తమొకటి ముట్టజెప్పును. అటుపిమ్మట నెలకు నామమాత్రపు అద్దె చెల్లించుచు తరతరములు కూర్చుండును. విడిచిపోవునప్పుడు క్రొత్తగా వచ్చువానినుండి తాను పగిడీ పుచ్చుకొని, అందులో యజమానికి కొంత పాలు ఇచ్చును. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము అద్దెకు మించి ఏమియు పుచ్చుకొనరాదని శాసించినందున ఈ పైకమునకు రశీదుండదు. కావున దానికి సాక్ష్యము ఇరువురి నడుమ కూర్చుండి నోట్లు లెక్కించిన దలాలు మాటయే. ఇక మదీనా భవనము వంటి దైవార్పితములైన వక్ఫు కట్టడములలో యజమాని దైవమే గనుక వ్యవహారము మరింత సున్నితము. ఆ భవనపు అద్దెల రాబడి ఒకప్పుడు అరేబియాలోని మదీనా పేదలకు పోవుచుండెడిదట. వక్ఫైన ఆస్తి ఎన్నటికిని వక్ఫే యని శాస్త్రము. కొనువాడు ఎంత పైకమిచ్చినను దానికి యజమాని కాలేడు. మంచి దలాలు వక్ఫు గెజిట్టు చూడనిదే పాతనగరమున ఏ గోడను తాకడు.

1973 తరువాత చమురు ధర పెరిగి అరబ్బు దేశములకు పనివారు కావలసివచ్చినప్పుడు ఈ నగరపు దశ మరియొకమారు తిరిగినది. బార్కస్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా వాడలనుండి పోయిన మేస్త్రీలు, డ్రైవర్లు, గుమాస్తాలు పంపిన డ్రాఫ్టులు అంతస్తులుగా మారినవి. ఒక ఏట పునాది, మరుసటి సెలవులకు వచ్చినప్పుడు గోడలు, ఆ పై సెలవులకు కప్పు. డ్రాఫ్టు ఆలస్యమైన ఇల్లు ఇనుపచువ్వలతో ఆకాశమువైపు చూచుచు నిలిచియుండును. 1990లో ఇరాకు సేనలు కువైటును ఆక్రమించుకొనగా పనివారు వట్టిచేతులతో తిరిగివచ్చినప్పుడు, అట్టి సగము కట్టిన ఇండ్లు పలుచోట్ల అమ్మకమునకు వచ్చినవి. గల్ఫు వార్తను పత్రికలో చదివి పాతనగరపు గజము ధర చెప్పగలవారు ఈ దలాలులు.

ఆ డబ్బు ప్రాకారము దాటి దక్షిణమునకు పారినది. ఎర్రకుంట, షాహీన్‌నగర్, బాలాపూరు, పహాడీషరీఫు దిక్కున 60 గజములు, 80 గజములు, 100 గజములుగా ప్లాట్లు వాయిదాలపై అమ్ముడుపోయినవి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడుటతో ఆ దిక్కు ధరలకు రెక్కలు వచ్చినవి. ఇచ్చటనే నోటరీ ఇండ్లు అను దురవస్థ పుట్టినది. స్టాంపు సుంకమునకు వెనుదీసియో, మూలపత్రములు సరిగా లేకయో, భూమి ప్రభుత్వపుదో వక్ఫుదో యగుటచేతనో, రిజిస్ట్రారు కడకు పోక, నోటరీ ముద్ర వేయించుకొని ఇల్లు చేతులు మార్చుట పరిపాటియైనది. నూరు రూపాయలు మొదలు ఆ పై విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరైన దస్తావేజు మూలముననే జరుగవలెనని చట్టము. నోటరీ ముద్ర సంతకము నిజమని మాత్రమే చెప్పును, హక్కు నిజమని చెప్పదు. జనరల్ పవరాఫ్ అటార్నీ మీద జరుపు అమ్మకములు యాజమాన్యమును బదిలీ చేయజాలవని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో ఖండితముగా చెప్పినది. ఐనను బీదవాడు ఏమి చేయును? వాని చేతనున్న పైకమునకు దొరకునది ఆ ఇల్లే. ఆ ఇంటికి బ్యాంకు అప్పు పుట్టదు, దానిని మరల అమ్మవలెనన్న దలాలే దిక్కు. ఇటువంటి ఇండ్లను బీదలకంటగట్టి లాభపడిన దలాలులు కలరు. వారిని సమర్థించుట నా ఉద్దేశము కాదు. ఒకే ఇంటిని ఇద్దరికి చూపి బయానా కాజేసినవారు, ఒక వారసుని దాచిపెట్టి తరువాత వానినే ఉసిగొల్పి రాజీసొమ్ము పంచుకొనినవారు ఈ వృత్తికి మచ్చ తెచ్చిరి. గుట్టెరిగినవాడు గుట్టు కాపాడనూవచ్చును, గుట్టుతో బెదిరింపనూవచ్చును.

ఈ వృత్తిలో నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది పంచాంగజ్ఞానము. దలాలు రెండు పంచాంగములను ఒకేమారు పాటింపవలెను. తెలుగువారు ఆషాఢమున, మూఢములో ఇల్లు కొనరు. వీధిపోటు ఉన్నచో ఉచితముగా ఇచ్చినను వలదందురు. ముస్లిము కుటుంబములు మొహర్రము నెలలో శుభకార్యములు తలపెట్టరు. సఫరు నెల తొలి 13 దినములను తేరా తేజీ యని కీడుదినములుగా ఎంచువారు నేటికిని కలరు. రంజానులో పగలెల్ల ఉపవాసము, రాత్రియెల్ల బజారు. బేరము తరావీ నమాజు తరువాత, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఇరానీ హోటలు బల్లపై తెగును. ఈ కట్టుబాట్లన్నియు తీసివేయగా ఏటికి మిగులు దినములలో అమ్మువాడు హిందువు, కొనువాడు ముస్లిము, లేక అమ్మువాడు ముస్లిము, కొనువాడు హిందువు అయినచో ఇరువురికిని చెల్లు దినమును వెదకి తీయుట జ్యోతిష్కునకైనను కష్టమే. ఇంతకు వానికి దక్కునది ఇరువైపులనుండియు నూటికి ఒకటి చొప్పున, అదియు రిజిస్ట్రేషను నాటి సాయంకాలము, చెల్లించువాని చిత్తము బాగుగానున్నచో. అద్దె ఇండ్లకు ఒక నెల అద్దెయో, అరనెల అద్దెయో. పని ముగిసిన మరునాడు వీధిలో కానబడినను తల త్రిప్పుకొనువారు తక్కువవారు కారు.

ఒక విషాదాధ్యాయమును చెప్పక దాటరాదు. 1978లోను, 1980లలో పలుమారులును, 1990 డిసెంబరులోను నగరమున జరిగిన మతకలహముల తరువాత, కలిసి బ్రతికిన వాడలు విడివడసాగినవి. హిందువులు తమ ఇండ్లను అమ్ముకొని సైదాబాదు, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటలకు, ముస్లిములు తమకు అపాయమని తోచిన వాడలనుండి తమవారు హెచ్చుగానున్న వాడలకు తరలిపోయిరి. కలత నాళ్లలో అమ్మినవాడు సగము ధరకే అమ్మెను. ఆ రెండు వైపుల నడుమను నిలిచి, ఉభయుల ఇండ్లలోనికిని నిర్భయముగా పోగలిగినవారు దలాలులే. వారిలో భయమును సొమ్ముచేసికొనినవారును ఉండిరి, "నాలుగు నెలలు ఆగుండ్రి, మనసు కుదుటపడనీయుండ్రి" అని బేరము తామే చెడగొట్టుకొనినవారును ఉండిరి. లాల్ దర్వాజా, గౌలీపురా, ఉప్పుగూడ, అలియాబాదులలో బోనాలనాడు నేటికిని ఘటములు ఊరేగుచున్నవన్న, ఆనాడు అమ్మక నిలిచినవారివలన గదా!

ఇప్పుడు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా, 2016లో పార్లమెంటున ఆమోదింపబడి 2017 మే 1 నాటికి సంపూర్ణముగా అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఏజెంటు తన పేరు నమోదు చేసికొననిదే రిజిస్టరైన ప్రాజెక్టులోని ఇంటిని అమ్మజూపరాదు. మీరినచో దినమునకు రు. 10,000 చొప్పున జరిమానా. ఈ చట్టము మేలైనదే. దానివలన అడ్వాన్సులు మ్రింగి పరారియగు బిల్డరులకు పగ్గము పడినది. కాని అది 500 చదరపు మీటరులకు, అనగా సుమారు 600 గజములకు, లేక 8 ఫ్లాట్లకు మించిన క్రొత్త నిర్మాణముల కొరకు ఏర్పడినది. 90 గజముల పాత ఇల్లు తండ్రి చేతినుండి పొరుగువాని చేతికి మారుట దాని దృష్టికి ఆనదు. పాతనగరపు దలాలునకు లైసెన్సు లేదు, శిక్షణ లేదు, శిక్ష లేదు; మంచివానికి మెప్పును లేదు. ఈ లోపమును పూరింపవలసిన బాధ్యత ప్రభుత్వముమీద కలదని నా దృఢాభిప్రాయము. ఇరువదియేండ్లు ఒకే వాడలో పనిచేసిన మధ్యవర్తిని పరీక్షించి, నమోదు చేసి, అతడు వ్రాసియిచ్చిన హద్దుల వివరమునకు బాధ్యుని చేసినచో కోర్టులకు సగము భారము తగ్గును.

ఇది ఊహామాత్రమైన వాదము కాదు. మహాత్మాగాంధీ బస్‌స్టేషనునుండి చాంద్రాయణగుట్ట దిక్కునకు పోవు మెట్రోమార్గమునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగి, దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా దారి వెడల్పు చేయుటకై 2025 జనవరినుండి యజమానులకు గజమునకు రు. 81,000 చొప్పున పరిహారము పంచబడసాగినప్పుడు, ప్రతివానిని మొదట అడిగినది హక్కుపత్రము. కాగితములు సరిగానున్నవానికి చెక్కు చేతికి వచ్చును. ఇంటిలో మూడు తరములు పుట్టి పెరిగినను, తాతపేరున మాత్రమే కబాలా ఉన్నవాడు వారసుల జాబితా తెమ్మనగా బిత్తరపోవును. అట్టివాడు మరల వెదకికొనుచు పోవునది ఆ పాత దలాలు కడకే. అతడు జీవించియున్నచో మేలు. చాలచోట్ల అతడు లేడు. అతని కుమారుడు శంషాబాదు వైపు ప్లాట్లు అమ్ముచున్నాడు. నల్ల అట్ట నోటుపుస్తకము చిత్తుకాగితములతో తూకమునకు పోయినది.

కావున పాతనగరమున ఇల్లుగల పాఠకులకు నా మనవి యిది. మీ పెట్టెలో ఉర్దూ కబాలా ఉన్నచో, దానిని చదువగలవారు మీ వాడలో ఉండగనే చదివించి తెలుగున వ్రాయించుకొనుడు. ఫస్లీ సంవత్సరమునకు 590 కలిపి క్రీస్తుశకమును ప్రక్కన వేసికొనుడు. నాలుగు హద్దులకు నేటి ఇరుగుపొరుగుల పేరులును, ఇంటి నంబరులును చేర్చుడు. మీ తాతగారినాటినుండి నేటివరకు వారసులందరి పేరులు, వారున్న ఊళ్లు, కుమార్తెలను విడువక, ఒక తావున వ్రాసి, ఇంటిలో పెద్దవారిచేత సంతకము చేయించుడు. మీ వాడలో వృద్ధ దలాలు ఎవరైన మిగిలియున్నచో ఆయనను ఒక పూట పిలిచి, టీ పోసి, చెప్పినదెల్ల వ్రాసికొనుడు. ఆయన కమీషను అడిగినచో ఇచ్చివేయుడు.